లాన్‌లో తుంగకు హాలోసల్ఫ్యురాన్: వాడి చూశాక

గరిక లాన్‌లో తుంగ తలెత్తగానే చాలామంది పీకడానికే పూనుకుంటారు. మట్టిలో దాని గడ్డలన్నీ సన్నని భూగర్భ కాండాలతో గొలుసుకట్టుగా ముడిపడి ఉంటాయి కాబట్టి, పైమొక్క తెగిరాగానే అంతవరకు నిద్రాణంగా ఉన్న గడ్డలు కూడా మొలకెత్తి, తుంగ మునుపటికన్నా ఒత్తుగా వస్తుంది. ఏ మొక్కనైనా చంపే గ్లైఫోసేట్ అనే కలుపు మందు చల్లితే తుంగతోపాటు గరికా మాడిపోతుంది. అందుకే గరికను వదిలి తుంగను పట్టే హాలోసల్ఫ్యురాన్ మిథైల్ 75 శాతం గుళికల మందును వాడాను. ఓపిక ఉన్నవారికి ఇది మంచి మందనే చెబుతాను.

ఓపిక అని ఊరికే అనలేదు. ఈ మందు ఆకును మాడ్చదు. మొక్క కొన్ని అమైనో ఆమ్లాలను తయారుచేసుకోవడానికి అవసరమైన ఎంజైమును అడ్డుకుంటుంది కనుక, ముందు ఎదుగుదల ఆగి, తర్వాత నడిమి ఆకులు పసుపుబారి, రెండు మూడు వారాలకు గానీ మొక్క చావదు. ఎండిన మొక్క కింద తవ్వి గడ్డను కోసి చూస్తే, మందు అందినది లోపల గోధుమరంగుకు తిరిగి ఉంది, అందనిది తెల్లగా గట్టిగా ఉంది. ఆ తెల్లవాటి నుంచి మళ్లీ మొలకలు వస్తాయి గనుక ఒక్క పిచికారీతో పని ముగియదు.

తుంగ ఆకు నునుపుగా, మైనం పూసినట్టు ఉండటం వల్ల నీటి చుక్క నిలవక జారిపోతుంది. కాబట్టి మందులో స్ప్రెడర్, అంటే చుక్క ఆకుపై పరుచుకుని అంటుకునేలా చేసే ద్రవం, కలపడం తప్పనిసరి. పిచికారీకి రెండు రోజుల ముందూ, రెండు రోజుల తర్వాతా లాన్ కత్తిరించకూడదు, ఎందుకంటే మందును పీల్చుకోవలసింది ఆకే.

నాకు నచ్చనిది మోతాదు వ్యవహారం. ఎకరానికి 36 గ్రాములు అంటే వెయ్యి చదరపు అడుగులకు గ్రాము కూడా పడదు, వంటింటి తూకంతో అంత తక్కువ తూచడం అయ్యే పని కాదు. చిన్న లాన్లకు సరిపడే పొట్లాలుగా ఇచ్చి ఉంటే బాగుండేది.

ఇంకొకటి, ఊద, క్రాబ్‌గ్రాస్ వంటి నిజమైన గడ్డిజాతి కలుపును ఇది ఏమీ చేయదు. కొనే ముందు కాడను వేళ్ల మధ్య దొర్లించి చూడండి. మూడు అంచులు తగిలితేనే అది తుంగ, ఈ మందు దానికే.