గ్యారేజీ షట్టర్‌కు వైఫై రిలేనా, జిగ్బీ రిలేనా?

హైదరాబాద్‌లో ఇండిపెండెంట్ ఇంటి మోటారు షట్టర్‌ను హోమ్ ఆటోమేషన్‌కు కలపాలనుకునేవారికి ప్రధానంగా రెండు దారులున్నాయి: తయారీదారు క్లౌడ్ (ఇంటర్నెట్‌లోని సర్వర్లు) మీద ఆధారపడే వైఫై రిలే (ఆదేశం అందగానే సర్క్యూట్‌ను కలిపే చిన్న స్విచ్), ఇంట్లోనే హోమ్ అసిస్టెంట్ వంటి సాఫ్ట్‌వేర్ నడిచే హబ్‌కు (స్మార్ట్ పరికరాలను నియంత్రించే పెట్టెకు) లోబడే జిగ్బీ రిలే. జిగ్బీ అంటే స్మార్ట్ పరికరాలు తక్కువ కరెంటుతో మాట్లాడుకునే వైర్‌లెస్ పద్ధతి.

ఖర్చు: వైఫైకి ఉన్న రౌటర్ చాలు, జిగ్బీకి హబ్ అదనంగా కొనాలి.

శ్రమ: వైఫై రిలే ఫోన్ యాప్‌తో తేలిగ్గా సిద్ధమవుతుంది, కానీ సిగ్నల్ సెల్లార్ దాకా అందుతోందో ముందే చూసుకోవాలి. జిగ్బీ హబ్‌ను అమర్చడానికి ఓపిక కావాలి. అయితే దారిలోని జిగ్బీ స్మార్ట్ ప్లగ్గులు సిగ్నల్‌ను ముందుకు అందిస్తాయి.

రిస్క్: అన్నిటికన్నా దీనికే ఎక్కువ విలువనివ్వాలి. ఇంటర్నెట్ ఆగితే క్లౌడ్ ఆదేశం షట్టర్‌ను చేరదు. జిగ్బీ ఆదేశం ఇంటి లోపలే పూర్తవుతుంది. ఏది ఎంచుకున్నా రిలే డ్రై కాంటాక్ట్ రకమై (తాను కరెంటు పంపకుండా రెండు తీగలను కలిపి విడదీసేదై) ఉండాలి, మోటారు బోర్డులోని పుష్ బటన్ టెర్మినళ్లకు బటన్ నొక్కి వదిలినట్టు క్షణకాలపు పల్స్ మాత్రమే ఇవ్వాలి. తెరవడానికీ, ఆపడానికీ, మూయడానికీ ఒకే బటన్ ఉన్న మోటార్లలో రిలేను చూసి షట్టర్ స్థితి చెప్పలేం కనుక, అయస్కాంత డోర్ సెన్సర్ తప్పనిసరి. అడ్డు వచ్చినవారిని గుర్తించే ఫొటో సెన్సర్ లేకుండా, దానంతటదే మూసుకునే ఏర్పాటు పిల్లలున్న ఇంట్లో చేయనే కూడదు.

అద్దె ఇంట్లో, ఒక్క షట్టర్ కోసమైతే వైఫై సరిపోతుంది. సొంత ఇంట్లో లైట్లు, గేటు కూడా కలిపే ఆలోచన ఉంటే జిగ్బీనే ఎంచుకుని, హబ్‌ను ఇన్వర్టర్ లైనుపై పెట్టించాలి.