కయాక్‌కి రాడ్ హోల్డర్ల కిట్ కొంటున్నారా? డ్రిల్లు పట్టుకునే ముందు ఇది చదవండి

కయాక్ (తెడ్డుతో నడిపే చిన్న పడవ) మీద చేపలు పట్టేవాళ్లకి, ముఖ్యంగా కొత్తగా రాడ్ హోల్డర్లు (గాలపు కర్రని నిలిపి ఉంచేవి) బిగించుకుందామనుకుంటున్నవాళ్లకి ఇది రాస్తున్నాను. కాస్త పొడుగ్గా ఉంటుంది, దయచేసి చివరిదాకా చదవండి. నాకు పోయింది ఒక రాడ్డూ రీలూ మాత్రమే. ఇంకో అరగంట ఆలస్యమై ఉంటే ఏమయ్యేదో ఊహించుకోవడానికే భయంగా ఉంది.

నేను కొన్న రాడ్ హోల్డర్ల కిట్ బిగించాక మూడోసారి నీళ్లలోకి దిగిన రోజు అది. ఒడ్డు వదిలి గంటన్నర అయింది. గాలి పెరిగి చిన్న చిన్న అలలు పక్క నుంచి తగులుతున్నాయి. తెడ్డు వేస్తుంటే కయాక్ మునుపటిలా చురుగ్గా కదలడం లేదు. భుజాలు అలిసిపోయాయేమో అనుకున్నాను. ఎడమవైపు ఉన్న వల అందుకుందామని కొంచెం వంగితే కయాక్ కూడా అటే వంగింది, వంగి అలాగే ఉండిపోయింది. మామూలుగా అయితే వెంటనే సర్దుకుంటుంది. ఈసారి లోపల ఏదో బరువు దొర్లుకుంటూ వచ్చి అటువైపే చేరింది. సగం నిండిన బిందెని ఊపితే వస్తుందే, ఆ చప్పుడు నా సీటు కిందనుంచి వినిపించింది.

లైఫ్ జాకెట్ వేసుకునే ఉన్నాను కాబట్టి మరీ కంగారు పడలేదు. కదలకుండా నిటారుగా కూర్చుని, నెమ్మదిగా తెడ్డు వేసుకుంటూ ఒడ్డుకి చేరాను. హాచ్ (కయాక్ లోపలికి చెయ్యి పెట్టే ద్వారం) మూత తీసి చూస్తే నాలుగు వేళ్ల లోతు నీళ్లు. మగ్గుతో తోడితే రెండు బకెట్లకి పైనే వచ్చాయి. లీటరు నీళ్లంటే కిలో బరువు. ఆ బరువు ఒక్కచోట ఉంటే కొంత నయం, కానీ నీళ్లు ఒక్కచోట ఉండవు. కయాక్ ఎటు వంగితే అటే పరిగెత్తి ఇంకా వంచుతాయి. బోర్లా పడేది అలాగే.

ఆ నీళ్లు ఎక్కడినుంచి వచ్చాయో తెలుసుకోవడానికి మర్నాడు కిట్ మొత్తం విప్పాను. అప్పుడు కనబడ్డవే ఇక్కడ రాస్తున్నాను. అమ్మినవాళ్ల పేరు రాయను, ఎందుకంటే ఇలాంటి కిట్లు రకరకాల పేర్లతో అమ్ముతున్నారు. పేరు కంటే గుర్తులు తెలిస్తేనే మీకు ఉపయోగం.

కిట్‌లో ఉన్నవి ఇవి: సీటు వెనక డెక్ (కయాక్ పైభాగం) లోకి దించి బిగించే ఫ్లష్ మౌంట్ హోల్డర్లు రెండు, సీటు ముందు పెట్టుకునే తిరిగే హోల్డర్ ఒకటి, దాన్ని జరుపుకోవడానికి ఒక పొట్టి ట్రాక్ (గాడి ఉన్న పట్టీ), ఒక స్క్రూల పొట్లం, చిన్న సిలికాన్ ట్యూబు. వివరాల్లో 'పూర్తి కిట్, స్టెయిన్‌లెస్, వాటర్‌ప్రూఫ్' అని ఉంది. ఫొటోలు చూస్తే నిజంగానే ముచ్చటేసింది.

అన్నిటికంటే పెద్ద తప్పు ఫ్లష్ మౌంట్ హోల్డర్లలో ఉంది. వాటికి పైన రబ్బరు మూత ఉంది కానీ అడుగు లేదు. అడుగు తెరిచి ఉన్న గొట్టం అంటే డెక్ మీదనుంచి తిన్నగా కయాక్ పొట్టలోకి దారి. మూత ఉందిగా అంటారేమో. రాడ్ పెట్టాలంటే ఆ మూత తీయాల్సిందే కదా! అంటే నేను నీళ్ల మధ్యలో ఉన్నంతసేపూ, అల తగిలిన ప్రతిసారీ, తెడ్డు నుంచి చినుకు రాలిన ప్రతిసారీ నీళ్లు లోపలికే పోయాయి. పెద్ద పడవల్లో లోపలికి చేరిన నీటిని తోడే పంపు ఉంటుంది, అలాంటి చోట అడుగు లేని హోల్డర్ పెట్టినా నడుస్తుందేమో. కయాక్‌లో మామూలుగా ఆ పంపు ఉండదు. కయాక్‌కి పెట్టే ఫ్లష్ మౌంట్ అడుగు మూసి ఉండాలి, పైన అంచు కింద రబ్బరు గాస్కెట్ ఉండాలి. కొనేముందు హోల్డర్ కింద భాగం ఫొటో అడగండి. పంపకపోతే కొనకండి. నేను పైనుంచి తీసిన ఫొటోలు నాలుగు చూశాను, కిందనుంచి ఒక్కటీ చూడలేదు.

రెండోది స్క్రూలు. నా రాడ్ పోయింది వీటివల్లే. రెండోసారి వెళ్లినప్పుడు ముందున్న తిరిగే హోల్డర్‌లో రాడ్ పెట్టి మంచినీళ్లు తాగుతున్నాను. చేప లాగింది. టక్‌మని చప్పుడు. చూసేసరికి హోల్డరూ, ట్రాకూ, రాడ్డూ అన్నీ కలిసి పక్కనుంచి జారి నీళ్లలోకి వెళ్లిపోయాయి. డెక్ మీద నాలుగు చిల్లులు మిగిలాయి. నేనే సరిగ్గా బిగించలేదేమో అనుకుని, ఆ చిల్లుల్ని టేపుతో, సిలికాన్‌తో మూసి ఊరుకున్నాను. అప్పుడే మిగతావి కూడా విప్పి చూసి ఉండాల్సింది.

ఎక్కువ కయాక్‌లు పాలిథిలిన్‌తో పోత పోసినవి. మెత్తటి ప్లాస్టిక్, పైగా గోడ మందం మిల్లీమీటర్లలోనే ఉంటుంది. దానిలోకి చెక్క స్క్రూలాగా దిగే సెల్ఫ్ ట్యాపింగ్ స్క్రూ పట్టు నిలవదు. బిగించిన రోజు గట్టిగానే ఉంటుంది, ఎండకీ ఊపుకీ వదులైపోతుంది. ఒక లెక్క చూడండి. రాడ్ పొడవు రెండు మీటర్లు, హోల్డర్ అడుగున స్క్రూల మధ్య దూరం ఎనిమిది సెంటీమీటర్లు అనుకుందాం. రాడ్ కొన దగ్గర రెండు కిలోల లాగుడు పడితే స్క్రూల దగ్గర అది యాభై కిలోల దాకా అవుతుంది. రాడ్ వంగుతుంది కాబట్టి కొంత తగ్గుతుంది, అయినా మెత్తటి ప్లాస్టిక్‌లో రెండు స్క్రూల మీద అంత భారం నిలవదు.

చెయ్యి లోపలికి అందే చోటయితే బోల్టు ఆరపార దింపి, లోపల వెడల్పు వాషర్లో, చిన్న ప్లేటో వేసి, నైలాన్ రింగు ఉన్న లాక్ నట్టుతో బిగించడం ఒక్కటే నేను నమ్మే పద్ధతి. చెయ్యి అందని చోట వెల్ నట్ వాడొచ్చు. అది లోపల ఇత్తడి నట్టు ఉన్న రబ్బరు బుడిపె. బోల్టు బిగించేకొద్దీ రబ్బరు వెనక ఉబ్బి చిల్లుని మూసేస్తుంది, నీళ్లు కూడా ఆగుతాయి. లేదా మూడు కాళ్లుగా విచ్చుకునే రివెట్లు ఉంటాయి, అవీ ఫరవాలేదు. మామూలు పాప్ రివెట్లు మాత్రం వద్దు, మెత్తటి ప్లాస్టిక్‌లోంచి వాటి వెనక భాగం చీల్చుకుని వచ్చేస్తుంది. ఇంకోటి, ఉప్పునీళ్లలో అల్యూమినియం రివెట్టూ స్టెయిన్‌లెస్ వాషరూ ఒకదానికొకటి ఆని ఉంటే అల్యూమినియం తొందరగా తినేసుకుపోతుంది.

సిలికాన్ సంగతి. కిట్‌తో సీలెంట్ ఇచ్చారంటే సరైనదే ఇచ్చుంటారని ఎవరమైనా అనుకుంటాం. సిలికాన్ పాలిథిలిన్‌కి అంటుకోదు. అసలు ఆ ప్లాస్టిక్‌కి చాలా జిగుర్లు అంటుకోవు. నేను హోల్డర్ విప్పినప్పుడు సిలికాన్ మొత్తం రబ్బరు ఉంగరంలా ఒక్క ముక్కగా ఊడి చేతిలోకి వచ్చింది, ప్లాస్టిక్ మీద మరక కూడా మిగల్లేదు. రబ్బరు గాస్కెట్‌నో, మెత్తగా జిగటగా ఉండే బ్యూటైల్ టేపునో బోల్టుల ఒత్తిడితో నొక్కి ఉంచితే నీళ్లు ఆగుతాయి. నీటిని ఆపేది ఆ నొక్కుడే, జిగురు మీద నమ్మకం పెట్టుకోకండి.

ఇక 'స్టెయిన్‌లెస్' మాట. మూడుసార్లు తడిసిన స్క్రూల తలల చుట్టూ గోధుమరంగు మరకలు దిగాయి. అయస్కాంతం దగ్గరికి పెడితే టప్‌మని అతుక్కున్నాయి. పడవ సామాన్లలో వాడే 304, 316 రకాల స్టెయిన్‌లెస్ అయస్కాంతానికి అలా గట్టిగా అతుక్కోవు, మహా అయితే కొద్దిగా లాగుతాయి. ఇవి పైపూత వేసిన మామూలు ఇనుమో, తక్కువ రకం స్టెయిన్‌లెస్సో అయ్యుండాలి. ఉప్పునీళ్లలోకి వెళ్లేవాళ్లు 316 అడగండి. దానిలో మాలిబ్డినం కలుపుతారు, ఉప్పు వల్ల పడే గుంటల్ని అది బాగా తట్టుకుంటుంది. ఫ్రిజ్‌కి అతికించే చిన్న అయస్కాంతం చాలు, పొట్లం విప్పగానే పరీక్ష చేసుకోవచ్చు.

ట్రాక్ బోల్టుల దగ్గర ఇంకో కిరికిరి. కయాక్ ట్రాకుల్లో ఎక్కువగా వాడేది పావు అంగుళం బోల్టు, అంగుళానికి 20 మరలు (థ్రెడ్‌లు). కిట్‌లో మిగిలినవి చూస్తే నట్టు ఆ కొలతదే, బోల్టు మాత్రం 6 మిల్లీమీటర్లది. పావు అంగుళమంటే 6.35 మిల్లీమీటర్లు, మరల దూరం కూడా వేరు. కాబట్టి బోల్టు లోపలికి వెళ్తుంది, తిరుగుతుంది, బిగిసినట్టే అనిపిస్తుంది, గట్టిగా లాగితే మరలు కోసుకుని ఊడి వస్తుంది. నట్టులో బోల్టు పెట్టి వేళ్లతో అటూ ఇటూ కదిపి చూడండి, లొడలొడలాడితే పక్కన పెట్టేయండి. ట్రాకుల గాడి వెడల్పు కూడా కంపెనీ కంపెనీకీ మారుతుంది. మీ కయాక్‌కి ముందే ట్రాక్ ఉంటే గాడి కొలిచి, ఆ కొలత రాసి పంపి మరీ అడగండి.

అమ్మినవాళ్లకి ఫొటోలన్నీ పంపాను. 'బిగించిన వస్తువు వాపసు తీసుకోం, చిల్లు మీరు సరిగ్గా వెయ్యలేదు' అని రెండు ముక్కల్లో జవాబొచ్చింది. నా పీసు ఒక్కటే అలా వచ్చిందేమో అని నాకూ అనుమానం వచ్చి, అదే కిట్ తెప్పించుకుని ఇంకా బిగించుకోని మిత్రుడి దగ్గరికి వెళ్లి చూశాను. అదే అడుగు లేని గొట్టం, అవే స్క్రూలు, అదే 6 మిల్లీమీటర్ల బోల్టు. అతను ఇంకా బిగించలేదు కాబట్టి వాపసు ఇచ్చేయగలిగాడు. అందుకే చెప్తున్నాను, పెట్టె వచ్చిన రోజే వీడియో తీస్తూ విప్పండి. అయస్కాంతం, నట్టు, గొట్టం అడుగు, ఈ మూడూ చూశాకే డ్రిల్లు ముట్టుకోండి. చిల్లు పడ్డాక మీ మాట ఎవరూ వినరు.

నేను మళ్లీ చేసిన పని కూడా రాస్తాను, ఎవరికైనా పనికొస్తుంది. కయాక్‌ని నేలమీద పెట్టి సీట్లో కూర్చున్నాను, లైఫ్ జాకెట్ కూడా వేసుకుని. తెడ్డు పట్టుకుని గాలిలో రెండువైపులా వేసి, చేతివేళ్ల కణుపులు, తెడ్డు రెక్క ఎక్కడెక్కడ తిరుగుతున్నాయో చూసి మాస్కింగ్ టేపు ముక్కలు అంటించుకున్నాను. పాత చోటయితే ముందు హోల్డర్ సరిగ్గా నా ఎడమ చెయ్యి దారిలోనే ఉండేది, మొదటి రెండుసార్లూ కణుపులు కొట్టుకుపోయాయి. నీళ్లలో పడితే మళ్లీ ఎక్కేది పక్కనుంచే కాబట్టి కనీసం ఒక పక్కన సీటు దగ్గర ఏమీ పొడుచుకుని ఉండకూడదు. హోల్డర్ బొడిపె పొట్టకి తగిలినా, జాకెట్ పట్టీ దానికి చిక్కుకున్నా ఎక్కలేం. అడుగు నుంచి నీళ్లు పోయే స్కప్పర్ రంధ్రాల చుట్టుపక్కల డ్రిల్లు అస్సలు పెట్టకండి. మొదట సన్న బిట్టుతో చిల్లు వేసి, లోపలికి టార్చ్ వేసి ఏముందో చూసుకుని, తర్వాతే పెద్దది చేయండి.

ఫ్లష్ మౌంట్లు ఇప్పుడు ఒక్కటే పెట్టాను, అడుగు మూసి ఉన్నది. రెండో చిల్లుని పాలిథిలిన్ కడ్డీ కరిగించి వెల్డింగ్ చేయించాను. మిగతా రాడ్‌లు సీటు వెనక గుంటలో పెట్టే ప్లాస్టిక్ క్రేట్‌కి కట్టిన గొట్టాల్లోకి మారాయి. నా అభిప్రాయం అడిగితే, కొత్తవాళ్లకి ఇదే మేలు. కయాక్‌కి ఒక్క చిల్లూ పడదు, నచ్చకపోతే మార్చుకోవచ్చు. బరువైన సీసం గుండ్లు, పనిముట్లు క్రేట్ అడుగున పెట్టండి, పైన పెడితే కయాక్ ఊగుతుంది. క్రేట్‌ని సాగే తాడు ఒక్కదానితో వదిలేయకుండా పట్టీతో బిగించండి. ప్రతి రాడ్‌కీ పొట్టి తాడు కట్టాను. తాళ్లు కాళ్లకి చుట్టుకునే ప్రమాదం ఉంది కాబట్టి జాకెట్ మీద అందేలా చిన్న కత్తి కూడా పెట్టుకున్నాను.

బోల్టులు వదులవుతున్నాయని కొందరు మరలకి థ్రెడ్‌లాకర్ (మరలు వదులు కాకుండా పట్టి ఉంచే జిగురు) వేస్తారు. లోహానికి బాగానే పనిచేస్తుంది, కానీ ఏబీఎస్, పాలీకార్బొనేట్ లాంటి ప్లాస్టిక్‌ల మీద పడితే పగుళ్లు తెస్తుంది. హోల్డర్ దేనితో చేశారో తెలియకుండా వెయ్యకండి, లాక్ నట్టు చాలు.

ఈ కిట్ లాంటిదే ఇప్పటికే బిగించుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే, ఈసారి వెళ్లేముందు హాచ్ తీసి, ఫ్లష్ మౌంట్‌లోకి పైనుంచి టార్చ్ వేయండి. వెలుగు కయాక్ లోపల కనబడితే ఆ రోజుకి ప్రయాణం మానుకోండి. కనబడకపోయినా మొదటిసారి ఒడ్డు పక్కనే అరగంట తిరిగి, బయటికి లాగి, పొడి స్పాంజితో లోపలంతా తుడిచి చూడండి. మీ కిట్‌లో ఏం దొరికిందో, ముఖ్యంగా హోల్డర్ అడుగు ఎలా ఉందో ఫొటోతో పాటు ఇక్కడ రాయండి.