మొఖాలు పచ్చగ వచ్చినయ్: ఫంక్షన్ హాల్ లైట్ల కింద ఆటోనా, కెల్విన్ అంకెనా, గ్రే కార్డా – ఏది మేలు?

"అన్నా, ఫోటోలల్ల మొఖాలు పచ్చగ వచ్చినయ్." పెళ్లి ఫోటోలు ఇచ్చిన నాలుగు రోజులకు ఇలాంటి ఫోను వస్తే నేను ముందు అడిగేది ఒకటే. పసుపు పచ్చా, ఆకు పచ్చా? మన భాషలో రెండిటికీ ఒకే మాట సరిపోతుంది కానీ, కెమెరా దగ్గర ఆ రెండూ వేర్వేరు జబ్బులు, మందులూ వేరే. పసుపు పచ్చ అయితే వైట్ బ్యాలెన్స్‌లో (ఏ వెలుగు కిందైనా తెలుపు తెల్లగానే వచ్చేలా చేసే కెమెరా సర్దుబాటు) కెల్విన్ అంకె, అంటే వెలుగు పసుపా నీలమా అని చెప్పే అంకె, ఎక్కువ పెట్టామన్నమాట. దించితే పోతుంది. ఆకు పచ్చ అయితే ఆ అంకెను ఎంత దించినా పోదు. అది టింట్ (ఆకు పచ్చ–మెజెంటా సర్దుబాటు) సంగతి, మెజెంటా (ముదురు గులాబీ) వైపు జరపాలి. చవక ఎల్‌ఈడీలు, పాత ట్యూబ్‌లైట్ల కింద వచ్చేది ఎక్కువగా ఈ రెండోదే.

ఈ రెండిటికన్నా మొండిది మూడోది ఉంది. అదే పీట మీద, అదే పెళ్లికూతురు ఒక ఫోటోలో పసుపుగా, తర్వాతి ఫోటోలో నీలంగా, ఆ తర్వాత ఇంకోలా వస్తుంది. మొదట్లో ఒక పెళ్లి మొత్తం ఆటో వైట్ బ్యాలెన్స్‌లో తీశాను. ఆల్బమ్ డిజైనర్ తలంబ్రాల ఫోటోలు ఆరు ఒకే పేజీలో పెట్టి చూపించినప్పుడు నా కడుపులో దేవినట్టయింది. మధుపర్కాలు తెల్లనివి కదా. ఆరు ఫోటోల్లో ఆరు రకాల తెలుపు. విడివిడిగా చూస్తే ఏ ఫోటోకీ వంక పెట్టలేం. పక్కపక్కన పెడితే మాత్రం ఒకే పెళ్లిలా లేదు. రంగు కాస్త తప్పినా జనం సర్దుకుంటారు, ఫోటో ఫోటోకీ మారితే సర్దుకోరు అని నాకు ఆ రోజు అర్థమైంది. అందుకే కింద చెప్పే ప్రతి పద్ధతినీ నేను ముందు ఆ ఒక్క కొలతతోనే చూస్తాను: రంగు నిలకడగా ఉంటుందా లేదా.

ఇప్పుడు నాగోల్ నుంచి శంషాబాద్ దాకా ఏ హాల్‌కి వెళ్లినా లైట్ల పరిస్థితి ఒకటే. సీలింగులో 6500 కెల్విన్ తెల్ల ఎల్‌ఈడీలు. స్టేజి మీద 3000 దగ్గర పసుపు ఫోకస్ లైట్లు (లైటుకైతే అంకె తక్కువైతేనే పసుపు; కెమెరాలో పెట్టే అంకె దానికి విరుగుడు, అందుకే అక్కడ అంకె ఎక్కువైతే ఫోటో పసుపవుతుంది). వీడియో వాళ్ల స్టాండు లైటు 5600. వెనక డెకరేషన్ వాళ్ల పార్ లైట్లు, నిమిషానికో రంగు. ఇన్ని వెలుగుల మధ్య "సరైన వైట్ బ్యాలెన్స్" అనేది ఒకటుండదు. ఎవరి ముఖం మీద ఏ లైటు పడుతోందో చూసుకుని, దాన్ని పట్టుకోవాలి.

ఆటో సంగతి మొదట. ఆటోలో కెమెరా ప్రతి ఫోటోకీ కొత్తగా ఊహిస్తుంది. ఫ్రేములో ఏముందో చూసి వెలుగు ఏ రంగో అంచనా వేస్తుంది. దీనికి హల్దీ ఫంక్షన్ కన్నా మంచి పరీక్ష లేదు. మణికొండలో ఒక అపార్ట్‌మెంట్ హాల్లో తీశాను. పసుపు పరదా, బంతిపూల దండలు, అందరి బట్టలూ పసుపే. వెడల్పు ఫ్రేములో కెమెరాకి కనిపించింది అంతా పసుపే కాబట్టి, వెలుగే పసుపు అనుకుని నీలం కలిపింది. పెళ్లికూతురి చెంపల మీది పసుపు వెలిసిపోయి, చర్మం బూడిద రంగుకు తిరిగింది. వెంటనే చేతి గోరింటాకు మీదికి దగ్గరగా వెళ్తే మళ్లీ ఇంకో రంగు. గదిలో ఒక్క బల్బు కూడా మారలేదు, మారింది ఫ్రేములో ఉన్న వస్తువులే.

అలాగని ఆటోని నేను తీసిపారేయను. బరాత్‌లో అడుగడుక్కీ వెలుగు మారుతుంది. గుర్రం ముందు జనరేటర్ లైట్లు, దాటితే వీధి దీపాలు, గేటు దగ్గర సీరియల్ లైట్లు. అక్కడ అంకెలు తిప్పుతూ కూర్చుంటే క్షణం పోతుంది. ఆటోనే మేలు. కెనాన్‌లో ఆటోకి తెలుపును నిలిపే రకం, వాతావరణాన్ని నిలిపే రకం అని రెండున్నాయి. నికాన్ బాడీల్లోనూ అలాంటి రకాలున్నాయి. దీపాల వెలుగులో పూజ తీసేటప్పుడు తెలుపును నిలిపే రకం పెట్టకండి. దీపం కాంతిలో ఉన్న వెచ్చదనమంతా తుడిచేస్తుంది, గర్భగుడి కాస్తా ఆఫీసు గదిలా కనిపిస్తుంది.

బల్బు బొమ్మ, ట్యూబ్ బొమ్మ ఉన్న రెడీమేడ్ సెట్టింగుల గురించి పెద్దగా చెప్పను. బల్బు బొమ్మ 3200 దగ్గర, ట్యూబ్ బొమ్మ 4000 దగ్గర ఉంటాయి. ఇవాళ్టి ఎల్‌ఈడీలు ఆ బొమ్మలకు సరిపడేలా ఉండవు. ఆటోలా ఊగిసలాడకపోవడం ఒక్కటే వాటి మంచి గుణం.

హాల్లో నా ఓటు కెల్విన్ అంకెకే. స్టేజి మీద ముఖాలపై ఫోకస్ లైట్లు పడుతుంటే 3200 దగ్గర మొదలుపెట్టి, లైవ్ వ్యూలో (కెమెరా వెనక తెర మీద) మధుపర్కాలు చూస్తూ అటూ ఇటూ జరిపి, కుదిరిన చోట ఆపేస్తాను. ఆ తర్వాత ఆ లైటు మారేదాకా ముట్టుకోను. భోజనాల హాల్లోకి వెళ్తే ఇంకో అంకె. స్టేజికి ఒకటి, భోజనాలకు ఒకటి, పెళ్లికూతురు తయారయ్యే గదికి ఒకటి, పెళ్లి మొత్తం మీద మూడు అంకెలు గుర్తుపెట్టుకుంటే చాలు. అంకె కొద్దిగా తప్పినా అన్ని ఫోటోలూ ఒకేలా తప్పుతాయి కాబట్టి, ఇంటికొచ్చాక ఒకటి సరిచేసి మిగతావాటికి అంటించేయొచ్చు.

ఇక్కడ ఒక లెక్క తెలిస్తే పని సులువు. కెల్విన్ అంకెలు అన్ని చోట్లా ఒకే బరువు కాదు. రంగు తేడాని కొలవడానికి మైరెడ్ అనే కొలత వాడతారు. పది లక్షలను కెల్విన్‌తో భాగిస్తే వచ్చేది అది. 2700 అంటే 370 మైరెడ్లు, 3000 అంటే 333. అంటే 300 కెల్విన్ల తేడా 37 మైరెడ్లు. అదే 6000 నుంచి 6500కి వెళ్తే తేడా 13 మాత్రమే. పసుపు లైట్ల కింద అంకె వంద జరిపినా కంటికి తెలుస్తుంది, తెల్ల లైట్ల కింద ఐదువందలు జరిపినా అంతగా తెలియదు. కాబట్టి స్టేజి దగ్గర చిన్న అడుగులు వేయండి. ఇంకొకటి, ఇద్దరు కలిసి తీస్తుంటే, వేర్వేరు కంపెనీల కెమెరాల్లో ఒకే అంకె పెట్టినా రంగు కలవదు. ముందుగా ఒకే మనిషిని రెండు కెమెరాలతో తీసి, ఒకదాన్ని రెండోదానికి దగ్గర చేసుకోవాలి.

కెల్విన్ అంకెకి ఒక లోటు ఉంది. అది పసుపు–నీలం దారిలోనే నడుస్తుంది. ఆకు పచ్చ జబ్బుకి పనిచేయదు, దానికి టింట్ సర్దుబాటు విడిగా చేసుకోవాలి. గ్రే కార్డు (ఏ రంగూ కలవని బూడిద రంగు అట్ట) మాత్రం రెండు దారుల్నీ ఒకేసారి సరిచేస్తుంది. కార్డుని ఆ లైటు కింద ఫ్రేము నిండా తీసి, కస్టమ్ వైట్ బ్యాలెన్స్‌కి ఆ ఫోటోనే చూపిస్తే సరి. ఖచ్చితత్వంలో దీన్ని మించింది లేదు. కానీ కార్డు ఎక్కడ పట్టుకున్నామన్నది ముఖ్యం. పెళ్లికూతురి ముఖం ఎక్కడ ఉండబోతుందో అక్కడే పట్టుకోవాలి. మనం నిలబడిన చోట మన చేతిలో పట్టుకుంటే మన నెత్తిమీది సీలింగు లైటు రంగు వస్తుంది, స్టేజి రంగు కాదు. జీలకర్ర బెల్లం వేళ కార్డు పట్టుకోమని ఎవర్నీ అడగలేం. ముహూర్తం మనకోసం ఆగదు. డెకరేషన్ పూర్తయ్యాక, పీటల మీద ఎవరూ కూర్చోకముందు, అక్కడున్న తమ్ముణ్ని ఒక నిమిషం కూర్చోబెట్టి తీసుకుంటాను.

కార్డు లేకపోతే తెల్ల పంచె చూపిస్తే సరిపోదా అని అడుగుతారు. సరిపోదు. పంచెకి నీలిమందు పెడతారు, సబ్బు పొడుల్లోనూ బట్ట తెల్లగా కనిపించేందుకు మెరుపు రసాయనాలు ఉంటాయి. ఆ తెలుపు నిజానికి లేత నీలం. దాన్ని తెలుపని కెమెరాకి నేర్పితే, ముఖాలు పసుపుగా వస్తాయి. జెరాక్స్ కాగితానిదీ ఇదే కథ.

"రా (RAW, కెమెరా పట్టిన సమాచారమంతా అలాగే ఉంచే ఫైలు) తీసుకుంటే అయిపోతుంది కదా, తర్వాత సరిచేసుకోవచ్చు" అనే మాట సగం నిజం. రా ఫైల్లో వైట్ బ్యాలెన్స్ ఇంకా రంగులో కలిసిపోదు, ఒక చీటీలా పక్కన ఉంటుంది. ఎంత మార్చినా ఫోటో చెడదు. జేపెగ్‌లో రంగు కాల్చి అచ్చు వేసినట్టే, అందులో ఉండే రంగు మెట్లు తక్కువ (8 బిట్లు), పెద్ద మార్పు చేస్తే చర్మం మీద మచ్చలు తేలతాయి. కాబట్టి రా తప్పనిసరి, ఇందులో నాకు రెండో మాట లేదు. కానీ రా తీసి ఆటోలో వదిలేస్తే, రెండువేల ఫోటోలకు రెండువేల వేర్వేరు చీటీలు. లైట్‌రూమ్ (ఫోటోలు సరిచేసే సాఫ్ట్‌వేర్) ముందు మూడు రాత్రులు కూర్చోవాలి. కెల్విన్ కట్టేసి రా తీస్తే అదే పని గంటలో అవుతుంది. ఇంకో సంగతి, ముఖం సగం మీద పసుపు లైటు, సగం మీద తెల్ల లైటు పడితే ఏ స్లైడరూ రెండు సగాలనీ ఒకేసారి సరిచేయలేదు. అచ్చంగా నీలం పార్ లైటు పడిన ముఖంలో ఎరుపు సమాచారమే ఉండదు, లేనిదాన్ని సాఫ్ట్‌వేర్ పుట్టించలేదు. ఆ ఫోటోని నలుపు తెలుపులో ఇవ్వడమే దారి.

అందుకే, వీలున్న చోట, కెమెరాని కాదు, వెలుగునే మార్చడం అన్నిటికన్నా మేలు. ఈ పద్ధతికి ఖర్చు లేదు, నోరు మంచిదైతే చాలు. "అన్నా, ముహూర్తం ఇరవై నిమిషాలు పార్ లైట్లు ఒక్క రంగు మీద పెట్టవా?" అంటే కాదన్న డెకరేషన్ వాళ్లు నాకు తక్కువ. పెళ్లికూతురు తయారయ్యే గదిలో కిటికీ తెరిచి ట్యూబ్‌లైటు ఆపేస్తే సగం కష్టం పోతుంది. ఫ్లాష్ కొడుతుంటే దానికి నారింజ జెల్ (పల్చటి రంగు ప్లాస్టిక్ ముక్క) పెట్టి 3200 దగ్గర తీయండి. ఫ్లాష్ వెలుగు సహజంగా 5500 దగ్గర ఉంటుంది, జెల్ లేకపోతే ముఖం తెల్లగా, వెనక హాలంతా కుంకుమ రంగులో తేలుతుంది. జెల్ వల్ల దాదాపు ఒక స్టాప్ వెలుగు, అంటే సగం, తగ్గుతుంది, ఆ మేరకు ఐఎస్ఓ (కెమెరా సున్నితత్వం) పెంచుకోవాలి. సీలింగుకి గులాబీ గుడ్డ కట్టిన హాల్లో ఫ్లాష్‌ని పైకి బౌన్స్ చేస్తే ఆ గులాబీ అంతా ముఖాల మీదే పడుతుందని కూడా చూసుకోండి.

రెండు వెలుగులు కలిసే చోటు ఎలా ఉంటుందో కళ్లారా నేర్చుకోవాలంటే చౌమహల్లా ప్యాలెస్‌కి ఒక మధ్యాహ్నం వెళ్లండి. ఖిల్వత్ ముబారక్ దర్బారు హాల్లో 19 బెల్జియం షాండ్లియర్లు ఉన్నాయి, ఆవరణ వైపు నుంచి పగటి వెలుగు లోపలికి వస్తుంది. ఒకే స్తంభానికి ఒక పక్క ఒక రంగు, ఇంకో పక్క ఇంకో రంగు. కెల్విన్ ఒకసారి 3000, ఒకసారి 5500 పెట్టి ఒకే చోటు నుంచి తీసి చూడండి. ఏ వెలుగుని తెలుపుగా ఉంచి, ఏ వెలుగుని రంగుగా వదిలేయాలో మీకే తెలుస్తుంది.

అన్నీ కట్టేసినా రంగు మారుతోందా? అప్పుడు తప్పు వైట్ బ్యాలెన్స్‌ది కాదు, షటర్ స్పీడుది. మన కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి ట్యూబ్‌లైట్లు, చవక ఎల్‌ఈడీలు సెకనుకి వంద సార్లు మినుకుతాయి. కంటికి తెలియదు కానీ 1/500 సెకనులో తీస్తే ఒక్కో ఫోటోకి ఆ మినుకులో ఒక్కో ముక్క దొరుకుతుంది, వెలుగుతో పాటు రంగూ మారుతుంది. 1/100 కానీ 1/50 కానీ పెడితే మినుకు పూర్తిగా పడుతుంది, రంగు నిలబడుతుంది. వీడియోల్లో అమెరికా వాళ్లు 1/60, 1/120 అని చెప్తుంటారు. వాళ్ల కరెంటు 60 హెర్ట్జ్ కాబట్టి అది వాళ్లకే. వేగం తప్పదనుకుంటే కెమెరాలో ఈ మినుకును తప్పించే యాంటీ ఫ్లికర్ ఉందేమో చూసుకోండి. కెనాన్ 2014లో 7డీ మార్క్ 2తో మొదలుపెట్టిన ఈ సౌకర్యం ఇప్పుడు చాలా బాడీల్లో ఉంది.

ఇక మా వదిన సంగతి. మలక్‌పేటలో ఇంట్లోనే గద్వాల, నారాయణపేట, పోచంపల్లి చీరలు ఫోన్‌లో ఫోటోలు తీసి అమ్ముతుంది. ఆమెకి నేను చెప్పిన జవాబు వేరు. పెళ్లిలో నిలకడ చాలు, చీరకి రంగు నిజంగా నిజం కావాలి, లేకపోతే పార్శిల్ వెనక్కొస్తుంది. ఫోన్ ఆటోకి చీర పరీక్షే, ఫ్రేమంతా ఒకే ఎరుపు కనిపిస్తే దాన్ని చల్లార్చేస్తుంది. అందుకని ట్యూబ్‌లైటు ఆపి, ఎండ నేరుగా పడని కిటికీ పక్కన పరిచి, ఫోన్ ప్రో మోడ్‌లో కెల్విన్ కట్టేసి, మొదటి ఫోటో గ్రే కార్డుతో తీయమన్నాను. మా అమ్మ చీర కొనేటప్పుడు షాపు లైట్లను నమ్మకుండా గుమ్మం దగ్గరికి తెచ్చి చూసుకునేది, ఆ తెలివే ఇదీ. కొన్ని లైట్లలో కొన్ని రంగులు అసలు ఉండవు కాబట్టి, లోపల ఒకటే అనిపించిన రెండు మెరూన్‌లు పగటి వెలుగులో వేరవుతాయి. రాత్రి తీయక తప్పకపోతే సీఆర్‌ఐ (లైటు రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే కొలత) 90 దాటిన బల్బు ఒకటే వాడమన్నాను.

మూడు నెలలుగా రంగు తేడా అని వెనక్కొచ్చినవి తగ్గాయంది. నెమలి కంఠం రంగు చీరలకు మాత్రం ఫోటో పెట్టడం మానేసి చిన్న వీడియో పెడుతోంది. వాటిలో పడుగు ఒక రంగు, పేక ఒక రంగు. మడత తిప్పినప్పుడల్లా ఒకసారి నీలం, ఒకసారి ఆకు పచ్చ కనిపిస్తుంది, కొనేవాళ్లకు కావలసింది ఆ రెండూ.