గదికి ఒక ప్యానెలా, పిల్లలకు ట్యాబులా?

పరకాల దగ్గర మాది ఇద్దరు టీచర్ల ప్రాథమిక పాఠశాల. గోడకు ఒక డిజిటల్ ప్యానెల్ (పెద్ద టచ్ స్క్రీన్), బీరువాలో ఆరు ట్యాబులు ఉన్నాయి.

అందరికీ కలిపి చూపించాలంటే ప్యానెలే. రామప్ప గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చిందని చెప్తే పిల్లలు ఊరికే తలూపారు. గోపురం ఇటుక నీళ్లల్లో తేలే వీడియో పెట్టగానే గదంతా "టీచర్, మళ్లీ!" అని ఒకటే గోల. మధ్యలో ఆపి ప్రశ్నలు కూడా అడగొచ్చు. కానీ స్క్రీన్ ముట్టుకోవడానికి లేచేది ఎప్పుడూ ముందు వరుస నలుగురే.

ట్యాబు సంగతి వేరు. నోరు విప్పని పిల్ల కూడా తీసివేతలో తప్పు చేసి, ఎవరూ నవ్వకుండా మళ్లీ చేసుకుంటుంది. పైగా మాకు ఒకే గదిలో మూడు, ఐదు తరగతులు. ఐదో తరగతికి భిన్నాలు చెప్తున్నంతసేపు మూడో తరగతి పిల్లల చేతికి ఎక్కాల ఆట ఇస్తాను. ప్యానెల్‌తో ఈ పని కాదు. ఆరు ట్యాబుల చప్పుడు కలిసి గది అంగడిలా అవుతుంది, నిజమే. చార్జింగ్ గొడవ ఎలాగూ తప్పదు.

పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్‌తో తెరుచుకునే, దీక్ష అనే ప్రభుత్వ యాప్‌లోని పాఠాలు రెండింట్లోనూ చూడొచ్చు. కరెంటు పోతే మాత్రం ప్యానెల్ గోడకు అలంకారం, ట్యాబు నడుస్తూనే ఉంటుంది.

ఈసారి ఎవరైనా ఏం కావాలని అడిగితే ఇంకో నాలుగు ట్యాబులే అడుగుతాను. అక్షరాలు దిద్దించడం మాత్రం పలక మీదే.