పొదుగులో దాగిన జబ్బును పట్టిచ్చే సీఎంటీ: కొన్నేళ్ల వాడకం తర్వాత నా సమీక్ష

పాలు మామూలుగానే కనిపిస్తాయి, పొదుగు వేడెక్కదు, గట్టిపడదు, ఆవు మేత మానదు; అయినా ఒక చన్నులో పాలు నెమ్మదిగా తగ్గిపోతూ ఉంటాయి. పైకి తెలియని ఈ పొదుగువాపును పాకలోనే పసిగట్టడానికి నేను కొన్నేళ్లుగా కాలిఫోర్నియా మాస్టైటిస్ టెస్ట్‌ను, అంటే పశువైద్యులు సీఎంటీ అనే పరీక్షను వాడుతున్నాను. చిత్తూరు జిల్లాలోని మా పాకలో ఉన్నవన్నీ హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్), జెర్సీ సంకర జాతి ఆవులే.

1957లో షాల్మ్, నూర్లాండర్ అనే శాస్త్రవేత్తలు రూపొందించిన ఈ పరీక్షకు నాలుగు గిన్నెలున్న ప్లాస్టిక్ పళ్లెం, ఒక సీసా ఊదారంగు ద్రావణం ఉంటే చాలు. పొదుగులో సూక్ష్మజీవులు చేరినప్పుడు వాటిని ఎదుర్కోవడానికి తెల్లరక్తకణాలు పెద్దఎత్తున పాలలోకి వస్తాయి. ద్రావణంలోని డిటర్జెంట్ ఆ కణాలను పగలగొట్టగానే వాటిలోని డీఎన్ఏ బయటపడి పాలు జిగురుగా మారతాయి.

మొదటి ధారలను విడిగా పిండేసి, తర్వాత ఒక్కొక్క చన్ను పాలను దాని గిన్నెలోనే పట్టాలి. పళ్లెం పిడి ఎప్పుడూ తోక వైపే ఉండేలా పట్టుకుంటాను కాబట్టి ఏ గిన్నె ఏ చన్నుదో తికమక ఉండదు. పళ్లెం వంచి ఎక్కువైన పాలను పారబోసి, మిగిలిన పాలకు సమానంగా ద్రావణం పోసి, పది పదిహేను సెకన్లు గుండ్రంగా తిప్పుతూనే ఫలితం చూడాలి. జబ్బు లేని పాలు నీళ్లలా కదులుతాయి. జబ్బు ముదిరితే జిగురంతా గిన్నె మధ్యలో ముద్దగా లేస్తుంది. అసలు కష్టమంతా ఈ రెండింటి మధ్య ఉన్న స్థితిలోనే: అడుగున సన్నని జిగురు తీగ కనిపించి, ఇంకాస్త తిప్పేసరికి మాయమవుతుంది. అలాంటప్పుడు అదే ఆవు మిగతా మూడు చన్నులతో పోల్చి చూడటమే నాకు నమ్మకమైన పద్ధతిగా తేలింది.

నాలుగు గిన్నెలూ ఒకేలా చిక్కబడితే మాత్రం తొందరపడకూడదు. ఈనిన తొలి రోజుల్లోనూ, వట్టిపోయే దశలోనూ కణాలు సహజంగానే ఎక్కువగా ఉంటాయి.

బట్టల సబ్బు పొడిని 3 శాతం ద్రావణంగా కలిపి కూడా ఇదే పరీక్ష చేయవచ్చు. ఖర్చు తక్కువే గానీ రంగు మార్పు కనిపించదు, తేలికపాటి జబ్బును దానితో తేల్చుకోవడం నాకు కష్టమైంది.

సీఎంటీ ఏ చన్నుకు జబ్బు ఉందో చెబుతుందే గానీ ఏ సూక్ష్మజీవి వల్ల వచ్చిందో చెప్పదు. అందుకే గిన్నె చిక్కబడిందని వెంటనే చన్నులోకి యాంటీబయాటిక్ ట్యూబు ఎక్కించడాన్ని నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. పాల నమూనాను ప్రయోగశాలకు పంపి, చికిత్స ఇప్పుడా, వట్టిపోయినప్పుడా అన్నది పశువైద్యుడే నిర్ణయించాలి. ఈలోగా ఆ ఆవును అన్నిటికన్నా చివర పిండుతాను, పిండిన వెంటనే చన్నులను అయోడిన్ ద్రావణంలో ముంచుతాను.

ఈ పళ్లెం నాకు అన్నిటికన్నా అక్కరకు వచ్చేది ఆవును కొనేటప్పుడు. ఈని వారం దాటిందని రూఢి చేసుకుని, అమ్మేవారి ఎదుటే నాలుగు చన్నులూ పరీక్షించిన తర్వాతే బేరానికి కూర్చుంటాను.