నీరసానికి ఏది మేలు: చోడి (రాగి) అంబలా, మునగాకా, అశ్వగంధా?

ఒడిశాలోని రాయగడలో ఉండే మా పిన్ని రెండు నెలలు అశ్వగంధ పొడి పాలలో కలుపుకుని తాగింది. మెట్లెక్కితే ఆయాసం మాత్రం తగ్గలేదు. పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 7. ఆడవాళ్లకు కనీసం 12 ఉండాలి. ఆ రెండు నెలలు వృథా అయ్యాయనే బాధతోనే ఇది రాస్తున్నాను.

అశ్వగంధ, అంటే పెన్నేరు గడ్డ, చెడ్డది కాదు. నిద్ర పట్టక, మనసు కుదుట పడక వచ్చే అలసటకు కొంత మేలు చేయవచ్చు. రక్తం తక్కువైతే దాన్ని నమ్ముకుని కూర్చోకూడదు. పైగా అది ఆహారం కాదు, మందు. గర్భిణులు వాడకూడదు. థైరాయిడ్ మాత్రలు వేసుకునేవారు, కాలేయ జబ్బు ఉన్నవారు డాక్టరును అడగకుండా ముట్టుకోవద్దు.

తిండి చాలక, ఎండలో పనిచేసి వచ్చే నీరసానికి నేను చోడి అంబలినే ఎంచుకుంటాను. ఇక్కడి ఒడియా ఇళ్లలో దాన్నే మాండియా పేజ అంటారు. 100 గ్రాముల చోళ్లలో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం, నాలుగు మిల్లీగ్రాముల వరకు ఇనుము ఉంటాయి. అయితే గింజలోని ఫైటేట్లు అనే పదార్థాలు ఆ ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. పిండిని రాత్రంతా పులియబెడితే వాటి బలం తగ్గుతుంది. అందుకే అప్పటికప్పుడు కాచిన జావ కన్నా పులిసిన అంబలి మేలు. మన అమ్మమ్మలు కుండలో పులియబెట్టింది రుచి కోసమే అయినా, మేలు మాత్రం రెండిందాలా జరిగింది.

మునగాకులో ఇనుముతో పాటు విటమిన్ సి కూడా ఉంది. ఎక్కువసేపు ఉడికితే ఆ విటమిన్ పోతుంది కాబట్టి పప్పు దించే ముందు ఆకు వేసి, వడ్డించాక నిమ్మకాయ పిండుకోవాలి. భోజనం కాగానే టీ తాగే అలవాటు మానాలి, అది ఇనుమును అడ్డుకుంటుంది. రోజూ తినడానికి మూడింటిలో నా మొగ్గు మునగాకు వైపే.

కానీ హిమోగ్లోబిన్ 7కు పడిపోతే ఆకుకూర ఒక్కటే చాలదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఒడిశాలో 15-49 ఏళ్ల స్త్రీలలో 64.3 శాతం మందికి రక్తహీనత ఉంది. రాయగడ, కొరాపుట్ వైపు మలేరియా, సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే, పుట్టుకతో వచ్చే జబ్బు) కూడా ఉన్నాయి. సికిల్ సెల్ ఉన్నవారు పరీక్ష లేకుండా ఇనుము మాత్రలు మొదలుపెట్టకూడదు. రెండు వారాలు సరిగా తిని, నిద్రపోయినా నీరసం వదలకపోతే రక్తం పరీక్ష చేయించుకోండి. జ్వరం ఉంటే అన్నాళ్లూ ఆగవద్దు.

పిన్ని ఇప్పుడు డాక్టరు రాసిన మాత్రలు వేసుకుంటోంది. పెరట్లో మునగ కొమ్మ కూడా నాటింది.