పీసీఓఎస్ డైట్ ప్యాకేజీ కొనబోతున్నారా? డబ్బు కట్టే ముందు ఇది చదవండి

పీసీఓఎస్ అంటే నెలసరి తప్పేలా చేసే ఒక హార్మోన్ సమస్య. "90 రోజుల్లో పీసీఓఎస్ పూర్తిగా పోతుంది, మాత్రలు అక్కర్లేదు" అని చెప్పే డైట్ ప్యాకేజీలకు దయచేసి డబ్బు కట్టకండి. ఇప్పటికే కట్టేసి ఉంటే చివర్లో రాసిన పనులు ఇవాళే మొదలుపెట్టండి. తిండి సరిచేసుకుంటే పీసీఓఎస్ అదుపులో ఉంటుంది, మంచి డైటీషియన్ దొరికితే నిజంగా మేలు జరుగుతుంది. కానీ అదుపులో ఉండటం వేరు, శాశ్వతంగా నయం కావడం వేరు. శాశ్వతంగా పోగొడతామని మాటిచ్చే చోట అమ్ముతున్నది అందరికీ పంపే ఒకే పీడీఎఫ్, దానికి తోడు ఒక పొడి డబ్బా.

ఈ సంగతి మొదటి ఫోన్‌లోనే తెలిసిపోతుంది. ఎత్తు, బరువు, వయసు అడుగుతారు, అంతే. నెలసరి ఎన్ని రోజులకోసారి వస్తోంది, ఏ మందులు వాడుతున్నారు, పిల్లల కోసం ప్రయత్నిస్తున్నారా, థైరాయిడ్ పరీక్ష చేయించారా, ఇంతకుముందు కడుపు మాడ్చుకునే డైట్లు చేశారా... ఇవేవీ అడగరు. డబ్బు కట్టిన కాసేపటికే చార్టు వచ్చేస్తుంది. అంత తొందరగా వచ్చిన చార్టు మీ కోసం రాసింది కాదు.

ఆ చార్టు ఎలా ఉంటుందంటే: పొద్దున్నే డిటాక్స్ నీళ్లు, మధ్యాహ్నం పచ్చి కూరగాయలు, సాయంత్రం పలుచటి సూప్, రాత్రి భోజనం బదులు గ్లాసుడు పొడి కలిపిన నీళ్లు. పాలు, గోధుమ, పండ్లు అన్నీ బంద్. కేలరీలు కూడి చూస్తే రోజుకి 800 దాటవు. డాక్టరు పర్యవేక్షణ లేకుండా ఎవరూ అంత తక్కువ తినకూడదు. బరువు తగ్గాల్సిన అవసరం ఉన్నవాళ్లకి కూడా సాధారణంగా చెప్పేది, రోజూ ఒంటికి కావలసినదానికంటే 500 నుంచి 750 కేలరీలు తగ్గించమనే. ఉన్న బరువులో 5 నుంచి 10 శాతం తగ్గినా చాలామందిలో ఇన్సులిన్ పనితీరు, నెలసరి మెరుగుపడతాయి. 80 కిలోలు ఉన్నవాళ్లకి అది 4 నుంచి 8 కిలోలు, అదీ నెలల మీద. సన్నగా ఉండి పీసీఓఎస్ ఉన్నవాళ్లూ ఉంటారు, వాళ్లకి బరువు తగ్గించే చార్టు ఇవ్వడం హానే.

మొదటి వారం బరువు గబగబా దిగుతుంది. అక్కడే నమ్మకం కుదిరిపోతుంది. అప్పుడు పోయేది ఎక్కువగా ఒంట్లో నిల్వ ఉన్న గ్లైకోజెన్ (పిండిపదార్థాల నిల్వ), దాంతో పాటు ఉండే నీరు. అసలు దెబ్బ రెండు మూడు నెలలకు తెలుస్తుంది: దువ్వెన నిండా జుట్టు. తిండి ఒక్కసారిగా తగ్గినప్పుడు కుదుళ్లు విశ్రాంతి దశలోకి వెళ్లిపోతాయి, ఆ జుట్టు రాలడం మాత్రం ఆలస్యంగా మొదలవుతుంది. "విషాలు బయటికి పోతున్నాయి" అని చెబితే నమ్మకండి. వేగంగా బరువు తగ్గితే పిత్తాశయంలో రాళ్లు కూడా రావచ్చు. ఇంకా ఘోరం ఏమిటంటే, శక్తి చాలక మెదడు నుంచి అండాశయాలకు వెళ్లే సంకేతాలు తగ్గి నెలసరే ఆగిపోవచ్చు. దాన్ని "మీ పీసీఓఎస్ ముదిరింది" అని చెప్పి రెండో ప్యాకేజీ అంటగడతారు. అప్పుడు కావలసింది ఎక్కువ తిండి, ఇచ్చేది ఇంకా తక్కువ తిండి.

పాలు, గోధుమ మానేయడం గురించి కూడా చెప్పాలి. పీసీఓఎస్‌కి ఫలానా ఒక్క డైటే మిగతావాటికంటే మేలని ఆధారం లేదని 2023 అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. సీలియాక్ జబ్బో (గోధుమలోని గ్లూటెన్ పడని జబ్బు), పాలు పడకపోవడమో ఉంటే సంగతి వేరు. ఏవేవి పడవో తేలుస్తామని ఐజీజీ అనే యాంటీబాడీల రక్తపరీక్ష అమ్మితే కొనకండి. ఆ యాంటీబాడీలు మీరు ఏం తింటున్నారో చూపిస్తాయి తప్ప ఏది పడదో చెప్పవు.

ఇక మందుల విషయం, దీన్ని నిదానంగా చదవండి. ఇన్సులిన్ పనితీరు కోసం డాక్టర్లు రాసే మాత్ర మెట్‌ఫార్మిన్. "మెట్‌ఫార్మిన్ ఆపేయండి, పొడి చాలు" అని ఎవరైనా అంటే మాట అక్కడితో ఆపేయండి. మందు ఆపాలా, తగ్గించాలా అన్నది రాసిచ్చిన డాక్టరే చెప్పాలి. మెట్‌ఫార్మిన్ చాలాకాలం వాడితే విటమిన్ బీ12 తగ్గవచ్చు. మాంసం, గుడ్లు, పాలు మూడూ మాన్పించే చార్టు దాన్ని ఇంకా తగ్గిస్తుంది. స్పైరోనోలాక్టోన్ (అవాంఛిత రోమాలు, మొటిమలకు ఇచ్చే మాత్ర) వాడేవాళ్లు "తక్కువ సోడియం ఉప్పు" విషయంలో మరీ జాగ్రత్తగా ఉండాలి. చాలా రకాల్లో సోడియం బదులు పొటాషియం క్లోరైడ్ ఉంటుంది. ఈ మందు ఒంట్లో పొటాషియం నిలిచిపోయేలా చేస్తుంది. రెండూ కలిసి పొటాషియం పెరిగితే గుండె లయ దెబ్బతింటుంది. మందుల జాబితా అడగని మనిషికి ఈ ప్రమాదం తట్టే అవకాశమే లేదు.

నెలసరి సరైపోయిందని వాళ్లు చూపించే పాత కస్టమర్ల మెసేజ్‌లు కూడా ఒకసారి ఆలోచించి చదవండి. గర్భనిరోధక మాత్రలు వాడుతూ డైట్ చేసినవాళ్లకి నెలనెలా రక్తస్రావం వస్తుంది, ఎందుకంటే అది మాత్ర ఆపిన రోజుల్లో వచ్చేది. అండం విడుదలైందని దానికి అర్థం కాదు. అది తేలాలంటే వచ్చే నెలసరికి సుమారు 7 రోజుల ముందు ప్రొజెస్టెరాన్ హార్మోన్ రక్తపరీక్ష చేయించాలి, అదీ హార్మోన్ మాత్రలు వాడని నెలలో.

పొడి డబ్బా లేబుల్ తిప్పి చూడండి. "హార్మోన్ బ్యాలెన్స్ మిశ్రమం" అని రాసి మొత్తం గ్రాములు మాత్రమే ఇచ్చి, లోపల ఏది ఎంతుందో చెప్పకపోతే కొనవద్దు. ఈ పొడుల్లో తరచూ వేసే, చక్కెరను పోలిన ఇనోసిటాల్ అనే పదార్థాన్నే ఉదాహరణగా చూడండి: అధ్యయనాల్లో ఎక్కువగా వాడినది రోజుకి 4 గ్రాముల మయో ఇనోసిటాల్, సాధారణంగా 2 గ్రాముల చొప్పున రెండుసార్లు. డీ కైరో అనే ఇంకో రకం ఇనోసిటాల్ కలిపితే 40కి 1 పాళ్లలో, అంటే 4 గ్రాములకి 100 మిల్లీగ్రాములు. లేబుల్ మీద అంకెలు లేకపోతే మీకు అందులో చిటికెడు వస్తోందో సరిపడా వస్తోందో తెలియదు. పైగా ఇనోసిటాల్‌కి ఉన్న ఆధారాలు కూడా పరిమితమే. బెర్బెరిన్ అనే మొక్కల సారం ఉంటే గర్భం కోసం ప్రయత్నిస్తున్నవాళ్లు దూరంగా ఉండాలి, అది ఇతర మందులతో కూడా కలబడుతుంది. జుట్టుకి మంచిదని ఎక్కువ మోతాదులో వేసే బయోటిన్ (ఒక బీ విటమిన్) కొన్ని ల్యాబ్ పద్ధతుల్లో థైరాయిడ్, టెస్టోస్టెరాన్ ఫలితాలను తప్పుగా చూపిస్తుంది. రక్తం ఇచ్చేముందు కనీసం రెండు మూడు రోజులు ఆపి, వాడిన సంగతి ల్యాబ్‌లో చెప్పండి.

పరీక్షల్లో ఇంకో చిక్కుంది. పిండిపదార్థాలు బాగా తగ్గించిన చార్టు పాటిస్తూ 75 గ్రాముల గ్లూకోజ్ తాగి చేయించుకునే షుగర్ పరీక్షకి వెళ్తే, షుగర్ లేనివాళ్లకి కూడా ఎక్కువ చూపించవచ్చు. ముందు మూడు రోజులు రోజుకి కనీసం 150 గ్రాముల పిండిపదార్థాలు తిని వెళ్లాలి.

సరైన డైటీషియన్ మొదటి రోజు చార్టు ఇవ్వడానికి తొందరపడరు. రోగ నిర్ధారణ ఎలా జరిగిందో అడుగుతారు. ఎందుకంటే పెద్దవాళ్లలో స్కాన్ ఒక్కటి చూసి పీసీఓఎస్ అనకూడదు. నెలసరి తప్పడం, ఆండ్రోజెన్లు (మగ హార్మోన్లు) ఎక్కువవడం, స్కాన్‌లో అండాశయాల తీరు, ఈ మూడింటిలో రెండు ఉండాలి, థైరాయిడ్, ప్రొలాక్టిన్ (పాలు పట్టించే హార్మోన్) సమస్యలు కాదని తేలాలి. తర్వాత మూడు రోజులు తిన్నదంతా రాసుకురమ్మంటారు, అందులో ఒక సెలవురోజు ఉండేలా. మీరు తినేవాటినే అటూ ఇటూ మారుస్తారు: ప్రతి పూటా మాంసకృత్తులు, పీచు రోజుకి 25 నుంచి 30 గ్రాములు, తీపి పానీయాలు ముందు తీసేయడం. తూకం ఒక్కటే కాకుండా నడుము చుట్టుకొలత, బీపీ, నెలసరి తేదీలు చూస్తారు. రెండు మూడు నెలల సగటు షుగర్ చూపే హెచ్‌బీఏ1సీ పరీక్ష మూడు నెలలకోసారి చాలు, వారం వారం చేయించడం దండగ. డైటీషియన్ అన్న పేరుకి చాలా దేశాల్లో రిజిస్ట్రేషన్ ఉంటుంది. నంబరు అడిగి, అధికారిక జాబితాలో మీరే వెతకండి. న్యూట్రిషనిస్ట్, హార్మోన్ కోచ్ అన్న పేర్లు చాలాచోట్ల ఎవరైనా పెట్టుకోవచ్చు.

ఇప్పటికే డబ్బు కట్టినవాళ్లు ముందు పొడి ఆపండి. మానేయమన్న మందుల గురించి మీ డాక్టరుతో వెంటనే మాట్లాడండి, డబ్బా లేబుల్ ఫోటో, చార్టు చూపించండి. చాట్‌లు, రసీదు, "గ్యారంటీ" అన్న ప్రకటన స్క్రీన్‌షాట్లు దాచుకోండి, ఫోన్‌లో మాటలతో సరిపెట్టకుండా రాతపూర్వకంగా డబ్బు వెనక్కి అడగండి. కళ్లు తిరగడం, గుండె దడ, కుడివైపు పక్కటెముకల కింద తీవ్రమైన నొప్పి ఉంటే వాళ్లకి మెసేజ్ పెట్టి జవాబు కోసం చూడకుండా ఆసుపత్రికి వెళ్లండి. నెలసరి 90 రోజులు దాటినా రాకపోతే గైనకాలజిస్టుని కలవండి. అండం విడుదల కాకుండా ఎక్కువకాలం గడిస్తే గర్భాశయం లోపలి పొర మందం పెరగవచ్చు, దాన్ని ఏ చార్టూ కనిపెట్టలేదు.